‘గ్రెనేడ్లు విసిరాడు’ అని రాసేముందు: తెలుగు క్రీడా పాత్రికేయులకు బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల, వార్తా ఛానళ్ల క్రీడా విభాగాల సంపాదకులకు, రాత్రిపూట డెస్కులో కూర్చుని పేజీలు కట్టే సబ్ ఎడిటర్లకు, మైకు ముందు తెలుగులో వ్యాఖ్యానం చెప్పే మాజీ ఆటగాళ్లకు నమస్కారం.

ముందుగా నా తప్పు చెప్పుకుంటాను. నేను చాలా ఏళ్లు ఒక తెలుగు పత్రిక క్రీడల డెస్కులో పనిచేశాను. 2014 జనవరి చివరి వారంలో ఒక రాత్రి, మొదటి ఎడిషన్ వెళ్లడానికి ఇరవై నిమిషాలే ఉందనగా, నా పేజీలో ఇంకా రెండు వార్తలు మిగిలాయి. ఒకటి దేశవాళీ క్రికెట్‌లో అయిదు వికెట్లు తీసిన ఓ కుర్ర పేసర్ గురించి. దానికి నేను పెట్టిన శీర్షిక ‘గ్రెనేడ్లు విసిరాడు’. రెండోది జపాన్ బేస్‌బాల్ పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) మసాహిరో తనాకా ఏడేళ్లకు 15.5 కోట్ల డాలర్లకు న్యూయార్క్ యాంకీస్ జట్టుతో ఒప్పందం చేసుకున్నాడన్న ఏజెన్సీ కాపీ. అతను రెండుసార్లు సావామురా అవార్డు గెలిచాడన్న వాక్యం అందులో ఉంది. వార్త నాలుగు లైన్లు పొడవైంది. సావామురా ఎవరో మనవాళ్లకేం తెలుసు అనుకుని, ‘జపాన్‌లో ఉత్తమ పిచర్ అవార్డు’ అని మార్చి, ఆ పేరు కొట్టేశాను. పేజీ బాగా కుదిరిందని మా చీఫ్ సబ్ మెచ్చుకున్నారు కూడా.

నేను కొట్టేసిన పేరుకూ నేను పెట్టిన శీర్షికకూ సంబంధం ఉందని తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. ఉద్యోగం మానేశాక దొరికిన తీరికలో, ఆ అవార్డు ఎవరి పేరు మీద ఇస్తున్నారో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. చదివాక ఆ రాత్రి నేనేం చేశానో అర్థమైంది. ఒక మనిషి భుజాన్ని చెడగొట్టిన వస్తువును పక్క కాలమ్‌లో అలంకారంగా వాడుకుని, స్థలం చాలలేదని ఆ మనిషి పేరునే తీసేశాను. ఆ కథ మీకు చెప్పి, చివర ఒక చిన్న విన్నపం చేసుకోవడానికే ఈ లేఖ.

ఎయిజి సావామురా 1917 ఫిబ్రవరి 1న జపాన్‌లోని మియె ప్రాంతంలో, ఇసె పుణ్యక్షేత్రం ఉన్న ఉజియమడ పట్టణంలో పుట్టాడు. క్యోటోలోని ఒక వాణిజ్య పాఠశాల జట్టుకు ఆడుతూ, కోషియెన్ మైదానంలో జరిగే బడిపిల్లల జాతీయ పోటీల్లో పేరు తెచ్చుకున్నాడు. కుడిచేతి వాటం. బంతి విసిరేముందు ఎడమకాలిని దాదాపు తల ఎత్తుకు లేపి, ఒళ్లంతా వెనక్కి వాల్చి, చేతిని నడినెత్తి మీదుగా తెచ్చి విసిరేవాడు. ఈ ‘నడినెత్తి మీదుగా’ అన్న మాటను దయచేసి గుర్తుంచుకోండి.

మనలో చాలామందికి బేస్‌బాల్ దూరపు చుట్టమే కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. పిచర్ నిలబడే మట్టిదిబ్బకూ బ్యాటర్ నిలబడే చోటికీ దూరం 18.44 మీటర్లు, మన క్రికెట్ పిచ్ కంటే మీటరున్నర పైచిలుకు తక్కువ. మన పేసర్‌కు ఉన్నట్టు పరుగెత్తుకొచ్చే వీలు పిచర్‌కు లేదు. నిలబడ్డ చోటి నుంచే ఒక అడుగు ముందుకు వేసి, కాళ్లలో, నడుములో పుట్టిన బలాన్నంతా భుజం గుండా బంతిలోకి పంపాలి. మ్యాచ్ మొత్తం తానే వేస్తే వంద బంతులు దాటడం మామూలే. భుజం పోతే ఆ ఆటలో పిచర్ చేయగలిగింది ఇంకేమీ ఉండదు.

ఇక్కడ మన వృత్తికి సంబంధించిన సంగతి ఒకటుంది. సావామురాను దేశానికి పరిచయం చేసింది ఒక దినపత్రిక. యొమియురి పత్రిక అధిపతి మత్సుతారో షోరికి సర్క్యులేషన్ పెంచుకోవడానికి అమెరికా మేటి ఆటగాళ్లను జపాన్‌కు రప్పించేవాడు. 1934లో ఏకంగా అమెరికా బేస్‌బాల్‌లో మహా పేరున్న బ్యాటర్ బేబ్ రూత్‌నే రప్పించాడు. టోక్యోలోని గింజా వీధిలో ఊరేగిస్తే జనం ఇసుక వేస్తే రాలనంతగా వచ్చారు. ఆ జట్టుతో ఆడటానికి జపాన్ తరఫున ఒక జట్టు కావాలి. అయితే బడి ఆటగాళ్లు వృత్తి ఆటగాళ్లతో ఆడకూడదని 1932లోనే విద్యాశాఖ నిబంధన పెట్టింది. కాబట్టి ఈ జట్టులో చేరాలంటే చదువు వదులుకోవాలి. సావామురా పదిహేడో ఏట బడి మానేసి జట్టులో చేరాడు. ఆ నిర్ణయానికి ఎంత మూల్యం చెల్లించాల్సి వస్తుందో అప్పుడు ఎవరూ ఊహించి ఉండరు.

1934 నవంబర్ 20న షిజువోకాలోని కుసనాగి మైదానంలో జరిగిన మ్యాచ్ గురించి జపాన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పర్యటనలో అమెరికా జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. చాలా మ్యాచ్‌లలో జపాన్‌ను చిత్తుగా ఓడించింది. ఆ రోజు మాత్రం ఈ పదిహేడేళ్ల కుర్రాడు చార్లీ గెరింజర్, బేబ్ రూత్, లూ గెరిగ్, జిమ్మీ ఫాక్స్‌లను వరసగా స్ట్రయికౌట్ చేశాడు. మన లెక్కలో చెప్పాలంటే, ప్రపంచంలోకెల్లా గొప్ప బ్యాటర్లు నలుగురిని ఒకరి తర్వాత ఒకరిగా, బంతిని మైదానంలోకి కొట్టనివ్వకుండానే వెనక్కి పంపాడు. మొత్తం తొమ్మిది మందిని అలా పంపాడు. మ్యాచ్‌లోని తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఏడోదాంట్లో గెరిగ్ కొట్టిన ఒక్క హోమ్ రన్‌తో (మన సిక్సర్ లాంటిది) జపాన్ 1-0తో ఓడిపోయింది. వంపు బంతి వేసేముందు కుర్రాడు పెదవులు బిగించడం అమెరికన్లు పసిగట్టారని ఒక కథ ఉంది. నిజమో కాదో గానీ, పదిహేడేళ్ల వయసుకు అతికినట్టు సరిపోతుంది.

(అదే నెల 4న మన మద్రాసు చేపాక్‌లో మద్రాసు, మైసూరు జట్ల మధ్య మొట్టమొదటి రంజీ మ్యాచ్ జరిగి ఒక్కరోజులోనే ముగిసింది. రెండు దేశాల్లోనూ ఆటల చరిత్ర అటూ ఇటూగా ఒకే వారాల్లో మలుపు తిరిగింది. యుద్ధకాలంలోనూ మన రంజీ ఆగలేదు. వాళ్ల ఆట మాత్రం వేరే దారి పట్టింది.)

అమెరికన్లను రప్పించినందుకు 1935 ఫిబ్రవరిలో ఒక అతివాద జాతీయవాది షోరికిని సొంత పత్రికా కార్యాలయం దగ్గరే కత్తితో నరికాడు. ఆయన చావు తప్పి బయటపడ్డాడు. అంతకు కొద్ది నెలల ముందు గింజాలో జెండాలు ఊపిన నగరమే అది. ఆ ఏడాదే, తర్వాతి రోజుల్లో టోక్యో జెయింట్స్‌గా పేరుపడ్డ జట్టుతో సావామురా అమెరికా వెళ్లి, నెలల తరబడి ఊరూరా ఆడాడు. అమెరికా అతనికి నచ్చలేదు. భాష రాదు, కడుపునిండా అన్నం దొరకదు అని తర్వాత బాహాటంగానే చెప్పాడు. అమెరికా జట్లు అడిగినా వెళ్లే మనసు లేదన్నాడు. అన్నం దొరకని ఊళ్లో ఉండలేకపోవడం ఎలాంటిదో తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు.

1936లో జపాన్‌లో వృత్తి బేస్‌బాల్ లీగ్ మొదలైంది. ఆ సెప్టెంబర్ 25న ఒసాకా టైగర్స్ మీద సావామురా ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా, అంటే బంతిని కొట్టి బేస్ చేరే అవకాశం ఏ బ్యాటర్‌కూ ఇవ్వకుండా, మ్యాచ్ ముగించాడు. దీన్నే నో-హిట్టర్ అంటారు. జపాన్ లీగ్‌లో అదే మొదటిది. డిసెంబర్‌లో టైటిల్ తేల్చే మూడు మ్యాచ్‌లు టోక్యో సముద్రతీరాన సుజాకి మైదానంలో జరిగితే, మూడింటిలోనూ మట్టిదిబ్బ మీదికి అతన్నే పంపారు. జెయింట్స్ 2-1తో గెలిచింది. 1937 మే 1న మళ్లీ టైగర్స్ మీదే రెండో నో-హిట్టర్. ఆ వసంతకాలపు సీజన్లో 24 విజయాలు, 4 ఓటములు, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు 0.81. అంటే మ్యాచ్‌కు ఒక్క పరుగైనా ఇవ్వలేదన్నమాట. లీగ్ అత్యుత్తమ ఆటగాడూ అతనే. అప్పటికి వయసు ఇరవై.

1938 జనవరిలో సైన్యం పిలిచింది.

ఆ రోజుల్లో జపాన్‌లో విశ్వవిద్యాలయ విద్యార్థులకు సైనిక సేవ నుంచి వాయిదా దొరికేది. అందుకే కొన్ని జట్లు తమ ఆటగాళ్లను సాయంకాలపు కళాశాలల్లో పేరుకు చేర్పించేవి. బడి మధ్యలోనే వదిలేసిన సావామురాకు ఆ గొడుగు లేదు. బేబ్ రూత్‌తో ఆడటానికి వదులుకున్న చదువే అతన్ని ముందుగా చైనాకు పంపింది. ఎలాగూ పోవాల్సినవాడేనని కొందరు అనవచ్చు. కానీ ఇరవై ఒకటికీ ఇరవై మూడుకూ మధ్య ఒక పిచర్‌కు ఉండే రెండేళ్లు మళ్లీ రావు.

చైనాలో అతను పదాతి సైనికుడు. విసరడంలో దిట్ట అని అందరికీ తెలుసు కాబట్టి గ్రెనేడ్లు అతని చేతికే ఇచ్చారు. బేస్‌బాల్ బంతి బరువు సుమారు 145 గ్రాములు. అప్పటి జపాన్ సైన్యపు చేతి గ్రెనేడ్ దానికి దాదాపు మూడింతలు, ఇంచుమించు 450 గ్రాములు. చిన్న బంతిని కొరడాలా విదిలించడానికి అలవాటు పడిన భుజం, అదే ఊపుతో అంత బరువును పదేపదే విదిలిస్తే ఏమవుతుందో ఏ ఫాస్ట్ బౌలింగ్ కోచ్‌నైనా అడగండి. కీలూ, దాన్ని పట్టి ఉంచే కండరాలూ తట్టుకోలేవు. మామూలు సైనికుడి చేయి అంత గట్టిగా విసరలేదు కాబట్టి అంతగా దెబ్బతినదు. అతను దెబ్బతిన్నది తన నేర్పు వల్లనే. ఇది చదివినప్పుడే నాకు నా పాత శీర్షిక గుర్తొచ్చి, పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

పాపమంతా గ్రెనేడ్ల మీదికే తోసేయడం కూడా సరికాదు. మూడు కీలక మ్యాచ్‌లలోనూ ఒకే చేతిని వాడుకున్న జట్టూ అందులో పాలుపంచుకుంది. చైనాలోనే ఎడమచేతికి తూటా తగిలింది. మలేరియా కూడా అతన్ని పిండి వదిలింది. అయినా, 1937లో 0.81 దగ్గర ఉన్న మనిషి, 1940లో తిరిగి వచ్చినప్పుడు చేతిని తల మీదికి ఎత్తి విసరలేకపోయాడన్నది మాత్రం కాదనలేని సంగతి.

మీకు గుర్తుంచుకోమన్న మాట ఇక్కడికొచ్చింది. 1940లో సావామురా చేయి భుజం ఎత్తులో పక్కనుంచి వచ్చింది. వేగం పోయింది, మిగిలింది గురి, వంపు, బుర్ర. వాటితోనే ఆ జులై 6న నగోయా మీద మూడో నో-హిట్టర్ వేశాడు. నన్నడిగితే ఆ మూడింటిలో ఇదే గొప్పది. మొదటి రెండూ వేగంతో వేసినవి. ఇది లేని వేగానికి బదులు వేరే ఏదో వెతుక్కున్న మనిషి వేసినది. 1941లో పెళ్లయింది. ఆ ఏడాదే అక్టోబర్‌లో రెండో పిలుపు వచ్చింది, ఈసారి ఫిలిప్పీన్స్. 1943లో మళ్లీ జెయింట్స్‌కు వచ్చేసరికి చేయి ఇంకా కిందికి దిగి, దాదాపు నడుము కిందనుంచి విసిరే స్థితికి వచ్చింది. ఆ ఏడాది విజయాలు సున్నా, ఓటములు మూడు, సగటు పరుగులు 10.64. స్ట్రయిక్ (సరైన చోటికి వెళ్లే బంతి) పడక బ్యాటర్లను కొట్టకుండానే ఊరికే మొదటి బేస్‌కు నడిపించాల్సి వచ్చింది. సీజన్ చివర్లో పిచర్‌గా కాదు, ఇంకొకరి బదులు బ్యాటు పట్టుకోవడానికి మైదానంలోకి వచ్చాడు. అతని ఆట అలా ముగిసింది. నడినెత్తి మీదుగా, పక్కనుంచి, కిందనుంచి: సైన్యానికి వెళ్లొచ్చిన ప్రతిసారీ ఆ చేయి ఒక మెట్టు కిందికి దిగింది.

1944లో జెయింట్స్ అతన్ని వదిలేసింది. అక్టోబర్‌లో మూడో పిలుపు. డిసెంబర్ 2న ఫిలిప్పీన్స్ వైపు సైనికులతో వెళ్తున్న హవాయి మారు అనే ఓడను అమెరికా జలాంతర్గామి సీ డెవిల్ టార్పెడోతో ముంచేసింది. అందులో సావామురా ఉన్నాడు. వయసు ఇరవై ఏడేళ్ల పది నెలలు. అప్పటికి అతని లెక్క ఇది: అయిదు సీజన్లలో 105 మ్యాచ్‌లు, 63 విజయాలు, 22 ఓటములు, 554 స్ట్రయికౌట్లు, మూడు నో-హిట్టర్లు, సగటు 1.74. ఆ సగటులో చివరి ఏడాది 10.64 కూడా కలిసే ఉంది.

ఇంతవరకూ ఒక ఆటగాడి కథ. నేను మీకు ఉత్తరం రాయడానికి కారణం ఆ పక్కనే నడిచిన ఇంకో కథ, మాటల కథ.

సావామురా చేయి కిందికి దిగుతున్న ఆ ఏళ్లలోనే జపాన్ బేస్‌బాల్ భాష సైనిక దుస్తులు తొడుక్కుంది. 1943లో లీగ్ ఇంగ్లీషు మాటలన్నిటినీ తీసేసింది. ‘స్ట్రయిక్ వన్’ అనే బదులు అంపైర్ ‘యోషి ఇప్పోన్’ అనాలి. ‘అవుట్’ బదులు ‘హికే’ అనాలి. టోపీలు సైనికుల టోపీల్లా మారాయి, దుస్తులు ఖాకీ రంగులోకి వచ్చాయి. ఆటగాడిని ఆటగాడు అనకూడదని, యోధుడు అనాలని నిర్ణయించారు. మైదానాల్లో ఆటగాళ్లకు గ్రెనేడ్ విసిరే పోటీలు పెట్టారు. 1944లో లీగ్ పేరే దేశసేవ చేసే సంఘంగా మార్చేశారు. మైకుల్లో, పత్రికల్లో, కరపత్రాల్లో ఆటగాడు ముందుగా యోధుడయ్యాడు. తర్వాత నిజంగానే యోధుడిగా ఓడ ఎక్కించారు. అలాగని ఆ మాటలే అతన్ని చంపాయని నేను అనను. చంపింది యుద్ధం, ఆ యుద్ధాన్ని నడిపినవాళ్లు. అయితే అతన్ని తీసుకుపోతున్నప్పుడు ఎవరికీ అది వింతగా తోచకుండా చేసింది మాత్రం ఆ మాటలే.

ఇక్కడ మీరు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. నా మిత్రుడొకరు చెప్పనే చెప్పారు. ఆటల భాషలో చావూ పోరూ లేనిదెక్కడ? బేస్‌బాల్‌కు జపనీయులు మొదట్లో పెట్టుకున్న మాటల్లోనే ఒక అవుట్‌ను ‘ఒక చావు’, రెండు అవుట్లను ‘రెండు చావులు’ అంటారు. మన చెడుగుడు సంగతేమిటి? కూత ఆగితే చచ్చినట్టే. వాడు చచ్చాడు, వీడు బతికాడు అని అరుస్తూనే మనమంతా పెరిగాం. నిజమే. ఆ మాటల జోలికి నేను రావడం లేదు. చెడుగుడులో చచ్చినవాడు గీత బయట కూర్చుని, తనవాళ్లు ఒకణ్ని పట్టగానే బతికి లోపలికొస్తాడు. ఆ చావు ఆటలోనే పుట్టి, ఆటలోనే చెల్లిపోయే చావు. ‘పోరు’, ‘సమరం’, ‘దెబ్బ’ లాంటివి కూడా వాడి వాడి అరిగిపోయి మామూలు మాటలైపోయాయి. నేను చెప్పేది నిన్నటి యుద్ధం నుంచి నేరుగా తెచ్చుకున్న వస్తువుల గురించి: గ్రెనేడ్, క్షిపణి, డ్రోన్ దాడి, సర్జికల్ స్ట్రయిక్, ఓడినవాడికి వీరమరణం. వీటిలో ఏ ఒక్కటీ ఆటలో పుట్టలేదు. వీటితో చచ్చినవాడు మళ్లీ గీత దాటి లోపలికి రాడు.

2025 మే 8 రాత్రి ధర్మశాలలో పంజాబ్ కింగ్స్, ఢిల్లీ క్యాపిటల్స్ మ్యాచ్ మధ్యలో దీపాలు ఆరిపోవడం, ప్రేక్షకులను ఖాళీ చేయించడం, మరునాడు ఐపీఎల్‌ను వారం పాటు ఆపేయడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వారంలో క్రీడల పేజీలో ‘క్షిపణి’ అని రాయడానికి తనకు చేయి రాలేదని, అదే మాట మొదటి పేజీలో అసలు అర్థంతో ఉందని ఒక డెస్క్ మిత్రుడు నాతో అన్నాడు. వారం తర్వాత ఐపీఎల్ తిరిగి మొదలైంది. దాంతోపాటే ఆ మాట కూడా పేజీలోకి వచ్చేసింది. ఆ వారం ఉన్న మొహమాటం మిగతా రోజుల్లోనూ ఉండాలన్నదే నేను అడిగేది.

సావామురా ఒక్కడి గురించే చెప్పి ఆపితే అన్యాయం. టోక్యో డోమ్ దగ్గర యుద్ధంలో చనిపోయిన వృత్తి ఆటగాళ్ల పేర్లు చెక్కిన శిల ఉంది. అందులో అరవైకి పైగా పేర్లు ఉన్నాయి. 1936 డిసెంబర్‌లో సుజాకిలో సావామురా బంతిని హోమ్ రన్ కొట్టిన టైగర్స్ ఆటగాడు మసారు కగెయురా 1945లో ఫిలిప్పీన్స్‌లో చనిపోయాడు. అంటే ఆ మైదానంలో ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరినీ ఒకే యుద్ధం తీసుకుపోయింది. నగోయా పిచర్ షినిచి ఇషిమారు 1943 అక్టోబర్‌లో నో-హిట్టర్ వేశాడు. రెండేళ్లు తిరగకుండానే ఆత్మాహుతి విమాన దళంలో ఉన్నాడు. 1945 మే 11న విమానం ఎక్కేముందు, కనోయా స్థావరంలో తోటివాడిని క్యాచర్‌గా (పిచర్ బంతిని పట్టేవాడిగా) కూర్చోబెట్టి, పది స్ట్రయిక్‌లు వేసి, గ్లవ్ అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ పది బంతుల గురించి రాయాలంటే ఏ శీర్షిక పెట్టాలో నాకు ఇప్పటికీ తోచదు.

యుద్ధం ముగిశాక, 1947లో జెయింట్స్ సావామురా వేసుకున్న 14వ నంబర్ చొక్కా మరెవరికీ ఇవ్వకూడదని నిర్ణయించింది. అదే ఏడాది అతని పేరున అవార్డు కూడా పెట్టారు. అమెరికాలో ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు పుట్టింది 1956లో. ఇది దానికంటే తొమ్మిదేళ్లు పెద్దది. విజేతను ఎంచేది పూర్వపు పిచర్లే. ఎవరూ తూగలేదనిపిస్తే ఇవ్వకుండా ఊరుకుంటారు, 2019లోనూ 2024లోనూ అలాగే చేశారు. హిదెయో నోమో, యు డార్విష్, తనాకా ఆ పేరు మోసినవాళ్లే. 2021 నుంచి వరసగా మూడేళ్లు గెలిచిన యోషినోబు యమమోటో, 2025లో అమెరికా లీగ్ విజేతను తేల్చే వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. కుసనాగి మైదానం బయట కాలు ఎత్తి విసరబోతున్న సావామురా విగ్రహం, బ్యాటు పట్టిన బేబ్ రూత్ విగ్రహం నిలబడి ఉన్నాయి. అక్కడ చెక్కింది 1934 నాటి చేతిని. 1943 నాటి చేతిని కాదు. అది తప్పని నేననను. విగ్రహం చేసేవాడు మనిషి బాగున్న రోజునే చెక్కుతాడు. మిగతా రోజులు రాసిపెట్టడం మనలాంటివాళ్ల పని.

ఇక నా విన్నపాలు. అవి రెండే.

మొదటిది, మీ డెస్కుల్లో శీర్షికలకు పనికిరాని మాటల పట్టిక ఒకటి ఉండే ఉంటుంది. కులం, అంగవైకల్యం, ఆడవాళ్ల గురించి ఒకప్పుడు తేలిగ్గా రాసిన మాటలు ఎన్నో ఆ పట్టికలోకి చేరి కనుమరుగయ్యాయి. ఆ పట్టిక చివర నిజమైన ఆయుధాల పేర్లకు, సైనికుల చావుకు వాడే మాటలకు కూడా ఒక లైను కేటాయించండి. బౌలర్ వేగంగా వేశాడని చెప్పడానికి మన భాషకు ఆయుధాగారం అవసరం లేదు. పిడుగు ఉంది, నిప్పురవ్వ ఉంది, వడగళ్లు ఉన్నాయి. అవేవీ వద్దనుకుంటే గంటకు ఎన్ని కిలోమీటర్లో రాయండి. ఈ రోజుల్లో పాఠకుడు అదే ముందు వెతుకుతాడు. వ్యాఖ్యాతలకు అంత తీరిక ఉండదని నాకు తెలుసు. మాట నోట్లోంచి వచ్చేస్తుంది, బంతి ఆగదు. కానీ మీలో చాలామంది స్వయంగా బౌలింగ్ చేసి భుజం నొప్పితో నెలల తరబడి మంచుగడ్డలు కట్టుకున్నవాళ్లు. సావామురా భుజం సంగతి మాకంటే మీకే బాగా అర్థమవుతుంది.

రెండోది ఇంకా చిన్నది. అక్టోబర్ చివర్లో ఆ అవార్డు వార్త ఏజెన్సీ కాపీలో మళ్లీ వస్తుంది. జపాన్ పిచర్ ఎవరైనా అమెరికా జట్టుకు వెళ్లినప్పుడల్లా ఆ పేరు వస్తూనే ఉంటుంది. దయచేసి నాలాగా కొట్టేయకండి. పేరు పక్కన చిన్న పెట్టె కట్టి, అతనెవరో చెప్పండి. ఎడిషన్ టైంలో కూర్చుని రాసే ఓపిక ఎవరికీ ఉండదని నాకు తెలుసు కాబట్టి, ఆ కాపీ నేనే రాసి ఇస్తున్నాను. సింగిల్ కాలమ్‌లో పన్నెండు లైన్లు దాటదు. పొడవైతే నేను పన్నెండేళ్ల క్రితం కోసినట్టు ఈసారి వేరే వార్తను కోయండి.

‘ఎయిజి సావామురా (1917–1944): జపాన్ లీగ్‌లో తొలి నో-హిట్టర్ వేసిన పిచర్. పదిహేడో ఏట బేబ్ రూత్‌ను స్ట్రయికౌట్ చేశాడు. 63 విజయాలు, 22 ఓటములు. సైన్యం మూడుసార్లు పిలిచింది. చైనాలో గ్రెనేడ్లు విసిరి భుజం పోగొట్టుకున్నాడు. చేయి పైకెత్తలేక పక్కనుంచి విసిరి మూడో నో-హిట్టర్ వేశాడు. ఫిలిప్పీన్స్‌కు వెళ్తుండగా ఓడ మునిగి 27 ఏళ్లకే మరణించాడు.’

మీ
ఒకనాటి డెస్క్ మిత్రుడు